బస్సాగిన చోటే బస్తీ

కింద బస్సు, దాని మీద మెట్రో, ఆ పైన ఉక్కు వంతెన. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో హైదరాబాద్ మూడు అంతస్తుల్లో పరుగెడుతోంది. ఆ మూడింటిలో చెయ్యెత్తితే ఆగేది ఒక్కటే. దాని చుట్టూ ఒక పేట మొత్తం తెల్లవారి లేచి, పొద్దంతా తిరిగి, రాత్రి పడుకుంటోంది. ఆ పేట దినచర్యే ఈ వారం కథనం.

హైదరాబాద్ కూడళ్లలో కొన్నింటికి నవాబుల పేర్లుంటాయి, కొన్నింటికి మూతపడ్డ సినిమా హాళ్ల పేర్లుంటాయి. ఈ కూడలికి మాత్రం బస్సులు నడిపే సంస్థ పేరే నిలిచిపోయింది. ఉత్తరాన ముషీరాబాద్, దక్షిణాన చిక్కడపల్లి, తూర్పున వీఎస్టీ, పడమట ఇందిరా పార్కు. నాలుగు దిక్కుల జనం ఇక్కడ దిగుతారు, బస్సు మారతారు, మళ్లీ ఎక్కి పోతారు. నడుమ నిలబడి తలెత్తితే ముందు మెట్రో పట్టాల వంతెన, దాని మీదుగా అడ్డంగా సాగే ఉక్కు వంతెన. ఆ రెండింటి సందుల్లోంచి కాస్త ఆకాశం.

ముషీరాబాద్ రోడ్డులోనే ఆర్టీసీ ప్రధాన కార్యాలయం బస్ భవన్ ఉంది. దాని ఆవరణలో పాత ఆల్బియన్ బస్సు ఒకటి ముస్తాబై నిలబడి ఉంటుంది. అది 1932 నాటిది. ఆ ఏడాది జూన్‌లో నిజాం ప్రభుత్వ రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా విభాగం మొదలైంది. అప్పటి బలగం 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఆ మొలకే పెరిగి 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ అయింది. రాష్ట్రం విడిపోయాక ఇటు భాగం తెలంగాణ ఆర్టీసీగా వేరుపడింది. బస్సు నంబరు పలక మీద కనిపించే జెడ్ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని పాతకాలం సిబ్బంది ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటారు.

సికింద్రాబాద్ నుంచి జూపార్కు దాకా నడిచిన 7జెడ్ డబుల్ డెక్కరు ఎక్కినవాళ్లు ఇప్పుడు తాతలు, అమ్మమ్మలు అవుతున్నారు. పై అంతస్తులో ముందు సీటు దొరికితే ఆ రోజుకి పిల్లలకు అదే పండగ. 2000 దశకం మొదట్లో ఆ బస్సులు కనుమరుగయ్యాయి. 2023లో కరెంటుతో నడిచే డబుల్ డెక్కర్లు తిరిగొచ్చినా అవి ఎక్కువగా ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ల కోసం. కూలికీ కాలేజీకీ పోయే జనానికి మాత్రం ఒక అంతస్తు బస్సే దిక్కు. వాళ్ల సంగతి తెలియాలంటే బస్ భవన్ గేటు దాటి స్టాపులోకి రావాలి.

తొలి బస్సు వేళ

ఐదు గంటలకు పేటలో మొదట మేల్కొనేది డిపో. ముషీరాబాద్ డిపో గేటులోంచి లైట్లు వేసుకుని ఒక్కో బస్సు బయటికొస్తుంటే రోడ్డు పక్కన మూసిన షాపుల అరుగుల మీద పేపర్ కుర్రాళ్లు కట్టలు విప్పుతుంటారు. ఆదివారమైతే వాళ్లకు ఇంకో పని ఎక్కువ. అసలు పేపర్లో అనుబంధం దూర్చి మడతపెట్టాలి. మీ చేతిలో ఉన్న ఈ పుస్తకం కూడా అలాంటి ఏదో ఒక అరుగు మీద మడతపడి వచ్చిందే.

ఇడ్లీ బండి ఆమెకు గడియారంతో పనిలేదు. మొదటి బస్సు వెళ్లేసరికి పొయ్యి వెలిగించాలి, నాలుగైదు బస్సులు పోయేసరికి మొదటి వాయి దింపాలి. ఆ బస్సుల్లో దిగేవాళ్లే ఆమె తొలి బేరం. పొద్దున్నే రోడ్లూడ్చే మునిసిపాలిటీ ఆడవాళ్లు, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి వచ్చే ఆయాలు, అపార్ట్‌మెంట్లలో వంటకీ అంట్లకీ వచ్చేవాళ్లు. నగరం అంచుల్లో అద్దె తక్కువ కాబట్టి అక్కడ ఉంటారు, పని ఇక్కడ కాబట్టి ఇక్కడికొస్తారు. మనం నిద్ర లేచేసరికి వీధి ఊడ్చి ఉందంటే దాని వెనక ఒక తొలి బస్సు ఉంది.

ఆరున్నరకు అడ్డా నిండుతుంది. టిఫిన్ డబ్బా ఉన్న సంచీ, తాపీ, పెయింటు బ్రష్షు పట్టుకుని కూలీలు గుంపులుగా నిలబడతారు. మేస్త్రీ బండి ఆపితే నలుగురు చుట్టుముడతారు. ఎనిమిది దాటాక కూడా నిలబడే ఉన్నవాళ్ల ముఖాలు చూస్తే ఆ రోజు పని దొరకలేదని తెలిసిపోతుంది. వచ్చిన బస్సులోనే వెనక్కి పోవాలి.

జీరో టికెట్టు

ఎనిమిదిన్నర నుంచి పదిన్నర వరకు బస్సుది వేరే లోకం. సికింద్రాబాద్, అఫ్జల్‌గంజ్‌ల మధ్య తిరిగే ఒకటో నంబరు కనబడగానే స్టాపులో ఉన్నవాళ్లందరూ ఒక్కసారి రోడ్డు మీదికి దిగుతారు. డ్రైవరు స్టాపుకు ఇరవై అడుగులు ఇవతలో అవతలో ఆపుతాడు. జనం అటు పరుగెత్తుతారు. ముందు డోరు దగ్గర చున్నీలు, కొంగులు, స్కూలు సంచీలు. వెనక డోరు దగ్గర ఒంటికాలి మీద వేలాడేవాళ్లు.

"జర లోపలికి జరుగుండ్రి, మధ్యల అంతా ఖాళీగనే ఉంది" అంటాడు కండక్టరు. మధ్యలో ఖాళీ ఉన్నట్టు అతనొక్కడికే కనిపిస్తుంది. "దిగేటోళ్లు ముందుకు రావాలె" అని ఇంకో కేక. "హోల్డాన్" అంటే బస్సు ఆగుతుంది, "రైట్ రైట్" అంటే కదులుతుంది. ఏ బడిలోనూ నేర్పని ఈ రెండు మాటలు తెలియని తెలుగువాడు లేడు.

2023 డిసెంబరు 9 నుంచి ఈ బస్సుల్లో లెక్క మారింది. మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో తెలంగాణ ఆడవాళ్లకు టికెట్ లేదు. లేదంటే అసలు లేదని కాదు, జీరో టికెట్ అని ఒకటి కొట్టి ఇస్తారు. డబ్బు కట్టనప్పుడు ఈ కాగితం ఎందుకని విసుక్కునేవాళ్లున్నారు. ఆ కాగితాల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు చెల్లించాలి. అందుకే కండక్టరు బతిమాలుతుంటాడు: "అక్కా, టికెట్ తీస్కోండి, ఆధార్ చూపియ్యుండ్రి." 2025 జూలై నాటికి అలాంటి టికెట్లు 200 కోట్లు దాటాయి. ఆ ఏడాది ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ కూడా స్త్రీశక్తి పేరుతో అదే దారి పట్టింది.

ఈ పథకం మీద వాదాలకు కొదవలేదు. "పైసలిచ్చేటోళ్లం నిలబడాలె, ఇయ్యనోళ్లు కూసోవాలెనా" అని వెనక సీట్ల దగ్గర గొణుగుడు రోజూ వినిపిస్తుంది. రద్దీకి తగినన్ని బస్సులు పెంచలేదన్నది న్యాయమైన ఫిర్యాదు. కానీ నెలకు బస్సు చార్జీలకే జీతంలో పెద్ద ముక్క పోయే పనిమనిషికి ఆ మిగులు ఏమిటో వాళ్లింటి వంటగది చెబుతుంది. ఇంకో మార్పు కూడా కళ్లకు కనబడుతోంది. మునుపు పనుంటేనే గడప దాటే ఆడవాళ్లు ఇప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి గుడికి, చుట్టాలింటికి, సుల్తాన్‌బజార్‌లో గాజులకు వెళ్తున్నారు. కిటికీ పక్కన కూర్చుని కబుర్లాడుతూ ఊరు చూస్తున్నారు. ఊరు మనది కూడా అనుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

అశోక్‌నగర్ సంచీలు

ఇందిరా పార్కు వైపు నుంచి వచ్చేవాళ్లలో సగం మంది భుజాన బరువైన సంచీలుంటాయి. అశోక్‌నగర్ గ్రూప్స్ కోచింగ్‌లకు పెట్టింది పేరు. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. తలుపులు తెరవకముందే అక్కడ కుర్చీ కోసం వరస కడతారు. ఆదిలాబాద్ నుంచి, పాలమూరు నుంచి, ఖమ్మం నుంచి వచ్చిన పిల్లలు ఒక గదిలో నలుగురుగా ఉంటారు. అన్నం గదిలో వండుకుంటారు, కూర మాత్రం కర్రీ పాయింట్‌లో పావుకిలో కట్టించుకుంటారు. ఆ డబ్బూ లేని రోజున ఐదు రూపాయల భోజనం ఉండనే ఉంది. నగరపాలక సంస్థ 2014లో మొదలుపెట్టిన ఆ భోజనం వరసలో అడ్డా కూలీ, ఆటో డ్రైవరు, రేపటి డిప్యూటీ కలెక్టరు ఒకరి వెనక ఒకరు నిలబడతారు.

ఈ పిల్లల మీద బతికే వీధి ఒకటి ఉంది. జిరాక్స్ షాపు, పాత పుస్తకాల బండి, హాస్టల్ బోర్డులు, టీ కొట్టు. నోటిఫికేషన్ పడిందంటే జిరాక్స్ మిషను రాత్రి పదకొండు దాకా ఆగదు. పరీక్ష వాయిదా పడితే టీ కొట్టు దగ్గర గుంపు పెరుగుతుంది, ఒక్కోసారి ఆ గుంపు ఇందిరా పార్కు ధర్నా చౌక్ దాకా నడుస్తుంది. సంక్రాంతికి రెండు రోజుల ముందు మాత్రం సంచీలన్నీ జూబ్లీ బస్టాండుకో ఇమ్లీబన్‌కో పోయే బస్సులెక్కేస్తాయి. వారం రోజులు కర్రీ పాయింట్లకు సగం బేరమే.

నీడ కోసం

మార్చి దాటాక మధ్యాహ్నం పూట ఈ కూడలిలో ఒక వింత చూడొచ్చు. బస్సు షెల్టరు ఖాళీగా ఉంటుంది, జనం మాత్రం దానికి దూరంగా మెట్రో స్తంభం నీడలో ఒకరి వెనక ఒకరు నిలబడి ఉంటారు. ఇనుప కుర్చీలు కాలిపోతుంటాయి, కప్పు కింద గాలాడదు, వెనకవైపు ప్రకటన బోర్డు అడ్డం. స్తంభం నీడ జరిగే కొద్దీ వరస కూడా జరుగుతుంది. బస్సు వచ్చేసరికి నీడ ఎక్కడుంటే అక్కడి నుంచి పరుగెత్తాలి.

స్టాపు దగ్గర బస్సు ఆగాల్సిన జాగాలో ఆటోలుంటాయి. ఆటోల పక్కన కార్లు. అందుకే బస్సు రోడ్డు మధ్యలో ఆగుతుంది. మధ్యలో ఆగినందుకు వెనక బండ్లు హారన్లు మోగిస్తాయి, ఆ మోతకు డ్రైవరు తొందరపడతాడు, మోకాళ్ల నొప్పుల పెద్దమ్మ ఎత్తు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉండగానే బస్సు కదులుతుంది. "ఆపు బిడ్డా ఆపు" అని నలుగురు అరిస్తే గాని ఆగదు. తిట్లు తినేది డ్రైవరు. జాగా ఆక్రమించిన కారు యజమాని అప్పటికి హోటల్లో బిర్యానీ తింటూ ఉంటాడు.

కొత్తగా వస్తున్న కరెంటు బస్సులకు తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. చప్పుడు లేదు, పొగ లేదు, ఫుట్‌బోర్డు వేలాట లేదు. చప్పుడు లేకపోవడమే పాతవాళ్లకు చిక్కు. ఇంజిన్ మోతను బట్టి తల తిప్పే అలవాటు వాళ్లది. వీపు వెనక బస్సు వచ్చి ఆగి, వెళ్లిపోయాక తెలుస్తోంది.

బొమ్మ పడ్డ రోజు

చిక్కడపల్లి వైపు సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్లు. పెద్ద హీరో సినిమా విడుదల రోజున ఇక్కడ బస్సు నడపడం డ్రైవరుకు పరీక్షే. తెల్లవారుజామునే డప్పులు, కటౌట్లకు పాలు, గాల్లో రంగు కాగితాలు. బస్సులో ఉన్నవాళ్లు కిటికీల్లోంచి సగం తల బయటపెట్టి "టాక్ ఎట్లుందన్నా?" అని అడుగుతారు. ఆట వదిలినప్పుడు బయటికొచ్చిన ముఖాలే సమీక్ష. అవి నవ్వుతుంటే బస్సు దిగి టికెట్ల కోసం పోయేవాళ్లూ ఉన్నారు.

పండగలొస్తే దారులే మారిపోతాయి. దీపావళి వెళ్లాక నారాయణగూడ వైఎంసీఏ దగ్గర సదర్ జరుగుతుంది. పూలదండలు, గజ్జెలు కట్టిన దున్నపోతులు నడిరోడ్డు మీద దర్జాగా నడుస్తుంటే బస్సులు పక్క దారి పడతాయి. మృగశిర కార్తె నాడు చేపల కోసం జనం రాంనగర్ మార్కెట్టుకు పోటెత్తుతారు. ఆ పూట బస్సెక్కిన ప్రతి రెండో సంచీలో చేపే. సంచీ ఎవరిదో అడగక్కర్లేదు, ముక్కు చెబుతుంది.

దీపాలు పెట్టాక

సాయంత్రం ఆరు దాటితే స్టాపు అంగడి అయిపోతుంది. కట్టెల పొయ్యి మీద జొన్న రొట్టెలు కొట్టే అక్కలు రోడ్డు వారగా కూర్చుంటారు. షుగరున్న ప్రతి ఇంటికీ రాత్రి భోజనం వాళ్ల చేతిదే. పక్కన మిర్చి బజ్జీ బండి, పానీపూరీ, మల్లెపూల గంప, అరటిపళ్ల తోపుడు బండి. త్యాగరాయ గానసభలో కార్యక్రమం ముగిసి వచ్చే పెద్దవాళ్లు పూలు బేరమాడుతూ ఓ కంటితో బస్సు నంబరు చూస్తుంటారు.

ఈ బండ్లన్నీ ఇక్కడే ఎందుకున్నాయన్నది చిన్న లెక్క. బస్సు దిగినవాడు ఇంటికి నడుస్తాడు. నడిచేవాడు చూస్తాడు, చూసినవాడు కొంటాడు. కారులో పోయేవాడికి జొన్న రొట్టె వాసన తగలదు. స్టాపును వంద గజాలు అవతలికి జరిపితే వారం తిరిగేసరికి బండ్లు కూడా జరుగుతాయి, జరగలేనివి మూతపడతాయి. వీధి వ్యాపారుల హక్కుల కోసం 2014లో పార్లమెంటు చట్టమే చేసింది. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో తేల్చడానికి వాళ్ల ప్రతినిధులతో కలిపి కమిటీ ఉండాలని అందులో రాశారు. అయినా రోడ్డు పనులప్పుడు ముందుగా లేచేది బండే.

రాత్రి తొమ్మిది తర్వాత బస్సులు పలచబడతాయి. ఆడపిల్లలు ఫోనులో ఇంటివాళ్లతో మాట్లాడుతూ వెలుతురున్న చోటే నిలబడతారు. రాత్రి ఏడున్నర దాటాక ఆడవాళ్లు దిగుతామన్న చోట, స్టాపు కాకపోయినా, సిటీ బస్సు ఆపాలని 2022లో ఆర్టీసీ ఆదేశించింది. చీకటి సందు మొదట్లో కూతురు దిగేదాకా బస్సు ఆగిందంటే తల్లిదండ్రులకు ఎంత ధైర్యమో వేరే చెప్పక్కర్లేదు. పైసా ఖర్చు లేని సంస్కరణ ఇది. అడిగిన చోట ఆగడం, అంతే.

ఆగనివి

ఆగడం అన్న మాట దగ్గరే ఈ కూడలి మూడంతస్తుల కథ తేలిపోతుంది. జూబ్లీ బస్టాండు (జేబీఎస్) నుంచి ఇమ్లీబన్ (ఎంజీబీఎస్) దాకా 11 కిలోమీటర్ల మెట్రో 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. చల్లగా ఉంటుంది, వేళకొస్తుంది. ఆ దారి మొత్తానికి ఉన్నవి తొమ్మిది స్టేషన్లు. స్టేషనుకూ స్టేషనుకూ నడుమ ఉన్న బస్తీల గడప దాకా వచ్చేది మాత్రం బస్సే. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా 2.25 కిలోమీటర్ల ఉక్కు వంతెన 2023 ఆగస్టులో తెరిచారు. మెట్రో వంతెనకు కూడా పైనుంచి పోతుంది. కారున్నవాళ్లకు నాలుగు సిగ్నళ్ల బాధ తప్పింది, మంచిదే. కానీ ఆ వంతెన మీద స్టాపు లేదు, ఇడ్లీ బండి లేదు, లైబ్రరీకి దారి లేదు. దాని మీద పోయేవాళ్లకు అశోక్‌నగర్ ఒక పేరు మాత్రమే.

ఇదే కాలంలో కింది అంతస్తుకు ఏం జరిగింది? 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. ఆ తర్వాత నగరంలో వందల పాత బస్సులు రోడ్డెక్కడం మానేశాయి. కరోనా మరో దెబ్బ. బస్సు రాదన్న నమ్మకం కుదిరాక జనం అప్పు చేసి స్కూటరు కొన్నారు. స్కూటర్లు పెరిగాక రోడ్డు నిండింది. రోడ్డు నిండాక ఉన్న బస్సు ఇంకా ఆలస్యమైంది. ఇప్పుడు కరెంటు బస్సులు ఒక్కొక్కటిగా వస్తున్నాయి, సంతోషం. ఆడవాళ్లకు టికెట్టు లేకుండా చేసి బస్సులు పెంచకపోవడం మాత్రం విస్తరి వేసి అన్నం మరిచిపోయినట్టే.

మనం అడగాల్సింది

ఈ పేటకు కావలసినవి కోట్ల పనులు కావు. స్టాపు దగ్గర ఎండకు కాలని కప్పు, దాని పక్కన ఒక చెట్టు. బస్సు ఆగే జాగాలో ఇంకే బండీ నిలవకుండా చూసే ఒక కానిస్టేబులు. స్టాపు దాకా అడ్డం లేని కాలిబాట. ఏ నంబరు బస్సు ఎన్నింటికి వస్తుందో తెలుగులో రాసిన పలక. పెద్దవాళ్లు కాలెత్తగలిగే ఎత్తులో మెట్టు. బండ్లు పెట్టుకునేవాళ్లకు గీత గీసి ఇచ్చిన చోటు. ఇందులో సగం పనులకు టెండరు కూడా అక్కర్లేదు.

మన వంతు కూడా కొంత ఉంది. బస్సు జాగాలో కారు పెట్టకపోవడం, దిగేవాళ్లను దిగనిచ్చి ఎక్కడం, జీరో టికెట్ అడిగి తీసుకోవడం, వారానికి ఒక్కరోజైనా బండి ఇంట్లో వదిలి స్టాపు దాకా నడవడం. అధికారులకూ నాయకులకూ ఇదే మనవి. నెలకోసారి ఎనిమిదిన్నరకు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఒకటో నంబరు ఎక్కి చూడండి. ముందు చెప్పకుండా రండి.

ఈసారి ఓటడగడానికి ఎవరైనా మీ గుమ్మంలోకి వస్తే ఎన్ని వంతెనలు కట్టారని అడక్కండి. మా స్టాపులో బస్సు ఎన్ని నిమిషాలకోసారి ఆగుతుందో చెప్పమనండి.